పాత హెవీ మెటల్ పాటలు అలవాటైన చెవులకి కొత్త ఆల్బమ్స్ ఎక్కట్లేదు, ఏం వినాలో చెప్పండబ్బా

పాకాల_జంక్షన్:

అందరికీ నమస్తే. నేనుండేది తిరపతిలో, పని చిత్తూర్లో, రోజూ బస్సే. ఒక వైపుకి 70 కిలోమీటర్లు. చంద్రగిరి దాటినాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే కాణిపాకం క్రాస్ వచ్చేదాకా తియ్యను, కాబట్టి ఒక ఆల్బమ్‌ని మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా ఇనే టైం నాకు ఉండాది. ఇబ్బంది ఏందంటే నా ఇనికిడి 1970లో మొదలై 1991లో ఆగిపోయింది. బ్లాక్ సబ్బాత్ మొదటి ఆరు ఆల్బమ్స్, డీప్ పర్పుల్ మెషీన్ హెడ్, రెయిన్‌బో వాళ్ళ రైజింగ్, ఐరన్ మెయిడెన్‌లో నంబర్ ఆఫ్ ద బీస్ట్ నుంచి సెవెంత్ సన్ దాకా, మెగాడెత్ రస్ట్ ఇన్ పీస్, మెటాలికా బ్లాక్ ఆల్బమ్. ఇవే తిప్పి తిప్పి ఇంటా ఉండా. అప్పట్లో గాంధీ రోడ్డులో ఒక షాపాయన మద్రాసు నుంచి తెచ్చిన ఒరిజినల్స్‌ని బ్లాంక్ క్యాసెట్ల మీద ఎక్కించి ఇచ్చేవాడు, ఏ పాట తర్వాత ఏ పాటో అట్లా బుర్రలో అచ్చయిపోయినాయి.

మా మేనల్లుడు ఇంజినీరింగ్ చదవతా ఉండాడు, వాడు రోజుకొక లింకు పంపిస్తాడు. నేనూ ఇనాలనే ఇంటాను, కానీ నా చెవికి అన్నీ ఒకే మాదిరి ఉండాయి, మొదటి సెకను నుంచే అంతా ఫుల్లు సౌండు, ఎక్కడా తగ్గడం లేదు పెరగడం లేదు, డ్రమ్స్ చూస్తే టైప్ ఇన్‌స్టిట్యూట్లో పరీక్షకి కూర్చున్నట్టు టకటకటక, పాడేవాడేమో గొంతులో ఏదో అడ్డం పడినట్టు అరస్తా ఉంటాడు. పాకాల రాకముందే తలనొప్పి. పోనీ అని వాడికి నేను మాస్టర్ ఆఫ్ రియాలిటీ పంపిస్తే "ఏంది మామా, ఇది పల్చగా ఉండాది, సౌండే లేదు" అంటాడు. సబ్బాత్‌ని పట్టుకుని పల్చగా ఉండాది అన్నోడిని వాణ్ణే చూసినా!

నేనడిగేది రెండు. ఇది నా వయసు వల్లనా, లేక నిజంగానే రికార్డింగ్‌లో ఏమన్నా తేడా ఉండాదా? రెండోది, 2000 తర్వాత వచ్చినవాటిలో గొంతు చించుకోకుండా పాడే ఆల్బమ్స్ చెప్పండి, పూర్తిగా ఇనదగ్గవి. వంద ఆల్బమ్స్ లిస్టుల లింకులు మాత్రం పెట్టొద్దండి సామీ, అవి నెట్లో నాకూ దొరకతాయి.

ఫేడర్_పైకి:

అన్నా, మాది చిత్తూరే, ఇప్పుడు బెంగళూర్లో సౌండ్ పని చేస్తున్నా. మీ మొదటి ప్రశ్నకి నేను చెప్తా. వయసుదీ కొంత ఉంటుంది గానీ సగానికి పైగా మాస్టరింగ్‌ది, అంటే రిలీజ్‌కి ముందు పాట మొత్తం సౌండ్‌ని ఆఖరిగా సరిచేసే పనిది.

సబ్బాత్ రోజుల్లో పాట ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) మీద ఎక్కాలి. లౌడ్‌గా, బేస్ ఎక్కువగా కోస్తే గాడి వెడల్పవుతుంది, వెడల్పైతే ఒక వైపుకి పట్టే నిమిషాలు తగ్గిపోతాయి, అందుకని ఒక హద్దులో ఉండేవాళ్ళు. సీడీ వచ్చినాక ఆ బాధ లేదు. పీక్స్‌ని (సౌండ్ ఒక్కసారిగా పైకి లేచే చోట్లని) నొక్కేసి మొత్తం లెవెల్ పైకి లాగడం 90ల్లో మొదలై 2000ల్లో పిచ్చి ముదిరింది. దానికి అందరూ చూపించే ఉదాహరణ 2008లో వచ్చిన మెటాలికా డెత్ మాగ్నెటిక్. ఎంత నొక్కారంటే సౌండ్ పగిలిపోవడం మామూలు ఇయర్‌ఫోన్స్‌లో కూడా తెలుస్తుంది. అవే పాటలు గిటార్ హీరో వీడియో గేమ్‌లోకి వేరేగా, అంత నొక్కకుండా వెళ్ళాయి, ఫ్యాన్స్ ఆ గేమ్‌లోంచి ఆడియో లాక్కుని ఇదే బాగుందని విన్నారు. అంత పెద్ద బ్యాండ్‌కి ఆ గతి పట్టింది.

అందుకని మీ మేనల్లుడికి సబ్బాత్ పల్చగా వినపడటంలో వింత లేదు. వాడు కొత్త పాట విన్న వాల్యూమ్‌లోనే అదీ పెట్టుంటాడు, పాతది నాలుగైదు డెసిబెల్స్ కింద ఉంటుంది, మన చెవి ఏది గట్టిగా ఉంటే అదే బాగుంది అనుకుంటుంది. యాప్ సెట్టింగ్స్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ ఆన్ చేసి ఇద్దరూ మళ్ళీ వినండి, అప్పుడు సరైన పోటీ. కాకపోతే ఒకటి గుర్తుపెట్టుకోండి, నార్మలైజ్ చేస్తే లెవెల్స్ సమానమవుతాయి అంతే, నొక్కేసిన పీక్స్ వెనక్కి రావు.

ఇంకోటి, మీరు క్యాసెట్లో విన్నదీ ఇప్పుడు ఫోన్లో వచ్చేదీ ఒకటే అనుకోకండి. రస్ట్ ఇన్ పీస్ 1990ది కదా, దాన్ని మెగాడెత్ పాటగాడు మస్టేన్ 2004లో మొత్తం మళ్ళీ మిక్స్ చేశాడు (విడివిడిగా తీసిన గొంతూ వాయిద్యాలూ మళ్ళీ కలిపాడు), కొన్నిచోట్ల గొంతు కూడా కొత్తగా పాడి పెట్టాడు. ఎక్కడో తేడా కొడుతోందే అని మీకు అనిపించుంటే కారణం అదే. సబ్బాత్ పాటగాడు ఆజీ మొదటి రెండు సోలో ఆల్బమ్స్‌ది ఇంకా ఘోరం, బ్లిజర్డ్ ఆఫ్ ఆజ్, డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మన్. 2002లో మళ్ళీ రిలీజ్ చేసినప్పుడు అసలు వాయించిన బాబ్ డెయిస్లీ బేస్, లీ కెర్స్‌లేక్ డ్రమ్స్ తీసేసి వేరేవాళ్ళతో వాయించి అతికించారు. జనం తిట్టిపోశారు, 2011 ఎడిషన్‌లో పాతవి మళ్ళీ పెట్టారు. సెకండ్ హ్యాండ్‌లో సీడీ కొనేటప్పుడు సంవత్సరం చూసి కొనండి.

డ్రమ్స్ గురించి మీరన్నది నిజమే. ఇప్పుడు చాలామంది కిక్ డ్రమ్ దెబ్బ పడినచోటల్లా ఒకే శాంపిల్ (ముందే రికార్డ్ చేసి పెట్టుకున్న ఒక దెబ్బ) పెట్టేస్తారు, టైమింగ్ కూడా గ్రిడ్ మీదకి, అంటే కంప్యూటర్లో సమానంగా గీసిన గీతల మీదకి జరిపేస్తారు, అన్ని దెబ్బలూ ఒకే బరువుతో పడతాయి. మెషీన్ హెడ్‌లో డీప్ పర్పుల్ డ్రమ్మర్ ఇయాన్ పెయిస్ వాయించింది వినండి, ఏ రెండు దెబ్బలూ ఒకటి కావు. అది స్టూడియోలో చేసింది కూడా కాదు, 1971 డిసెంబర్‌లో స్విట్జర్లాండ్ మాంట్రూలో రికార్డ్ చేద్దామనుకున్న కసినో కాలిపోతే (ఆ మంట మీద రాసిందే స్మోక్ ఆన్ ద వాటర్ పాట, మీకు తెలిసిందే) మూసేసి ఉన్న హోటల్ వరండాల్లో వాయించి, బయట రోలింగ్ స్టోన్స్ వాళ్ళ మొబైల్ ట్రక్కులో రికార్డ్ చేశారు.

కపిలతీర్థం_కాపలా:

ఇంజనీరు గారు చెప్పింది బాగుంది కానీ సౌండ్ తగ్గిస్తే బాగైపోయే జబ్బు కాదప్పా ఇది. ట్యూనుంటే గదా! సబ్బాత్ మొదటి ఆల్బమ్ ఒక్క రోజులో రికార్డ్ చేసి పారేసినారు, ఎందుకంటే అప్పటికి ఆ పాటలు క్లబ్బుల్లో వాయించి వాయించి అరిగిపోయి ఉండినాయి. ఇప్పుడు ఒకడు స్వీడన్లో ఇంకొకడు అమెరికాలో కూర్చోని ఫైళ్ళు పంపుకుంటా ఉండారు, ఇంక ఒకరి చూపు ఒకరు చూసి వాయించేదెక్కడ?

సబ్బాత్ గిటారిస్ట్ టోనీ అయోమీకి కుడిచేతి రెండు వేళ్ళ కొనలు బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీలో మిషన్ కింద పడి పోయినాయి, ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తీగలు నొక్కాల్సిన చెయ్యి అదే. ప్లాస్టిక్ బాటిల్ కరగబెట్టి వేళ్ళకి టోపీలు చేసుకుని, సన్న తీగలేసి, నొక్కడానికి సులువుగా ఉంటుందని శృతి దించినాడు. నీ మేనల్లుడు పల్చగా ఉంది అన్నాడే ఆ మాస్టర్ ఆఫ్ రియాలిటీ, 1971ది, అందులో కొన్ని పాటలు ఒకటిన్నర మెట్టు దించి వాయించినవే. ఈరోజు ఈ పిల్లోళ్ళు ఎనిమిది తీగల గిటార్లతో చేసే బరువంతా ఆడ నుంచి వచ్చిందే. వాడికి ఈ ముక్క చెప్పు.

నేను 2007 మార్చిలో మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు పోయినా, 2011లో అదే గ్రౌండ్‌కి మెటాలికా వచ్చినప్పుడూ పోయినా. రెండిట్లోనూ జనం గొంతు కలిపింది పాత పాటలకే. కొత్తవాటిలో నేను ఒప్పుకునేది జూడాస్ ప్రీస్ట్ ఒక్కటే, 2018 ఫైర్‌పవర్, 2024 ఇన్‌విన్సిబుల్ షీల్డ్. వాళ్ళ పాటగాడు హాల్ఫర్డ్‌కి 72 ఏళ్ళు ఆ రెండోది వచ్చేటప్పటికి, ఆ కేకలు విను ఒకసారి. అవి కూడా ముసలోళ్ళు చేసినవే కదా, నేను చెప్పేదీ అదే.

డోలు_వారి_అమ్మాయి:

నేను ఎస్వీ మ్యూజిక్ కాలేజీలో మృదంగం నేర్చుకుంటున్నా, మా నాన్న డోలు వాయిస్తారు, కాబట్టి ఇంట్లో సౌండ్‌కి మాకు కొత్తేం లేదు :) ట్యూన్ లేదు అనే మాట మీద నాకు అభ్యంతరం ఉంది అంకుల్. కొన్ని బ్యాండ్స్‌లో ట్యూన్ కోసం వెతకకూడదు, తాళం పట్టుకోవాలి.

మెషుగ్గా తీసుకోండి, స్వీడన్ వాళ్ళు. పాకాల అన్నా, మీకు టకటక అనిపించేది వీళ్ళదే అయ్యుంటుంది, మేనల్లుళ్ళందరూ మొదట పంపేది 2008 ఆబ్జెన్ ఆల్బమ్‌లోని బ్లీడ్ పాటే కదా. వినేటప్పుడు గిటార్‌ని వదిలెయ్యండి. డ్రమ్మర్ కుడిచేత్తో సింబల్ మీద మామూలు నాలుగు కొడుతుంటాడు, దాన్ని తొడ మీద వేసుకోండి. ఇప్పుడు గిటారూ కాళ్ళ కింద కిక్ డ్రమ్మూ వేరే లెక్కలో పోతుంటాయి. మన దగ్గర ఆది తాళం ఒక ఆవర్తనంలో (ఒక చుట్టులో) 32 మాత్రలు ఉన్నాయనుకోండి, దానిలో తకిట తకధిమి అని ఏడేసి మాత్రల ముక్క నాలుగు సార్లు వేస్తే 28, మిగిలిన 4కి ఇంకో ముక్క అతికిస్తే సమంలో (తాళం మళ్ళీ మొదలయ్యే దెబ్బ మీద) వచ్చి పడతాం. అదే పని ఇంకా పొడుగ్గా సాగదీసి చేస్తారు వీళ్ళు. 2002లో వచ్చిన నథింగ్‌లో రేషనల్ గేజ్ అని పాట ఉంది, డ్రమ్స్ నాలుగులోనే నడుస్తుంటాయి, గిటార్లు వాటి దారిన అవి పోయి 64వ బీటు దగ్గర రెండూ కలుస్తాయి. నేను మొదట విన్నప్పుడు చేతివేళ్ళ మీద లెక్కేసుకుంటూ కూర్చున్నా, ముక్తాయి పడినట్టు సమం మీద దిగేసరికి ఇంట్లోనే గట్టిగా భేష్ అనేశా, మా అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. నాన్నకి వినిపిస్తే "లెక్క బాగుందమ్మా, ఆ అరుపు లేకపోతే ఇంకా బాగుండు" అన్నారు. కాబట్టి అరుపు విషయంలో మా ఇంట్లో ఓటు మీకే పడింది.

ఫేడర్ అన్న చెప్పిన గ్రిడ్ సంగతి ఒప్పుకుంటా, కానీ ఈ తరహా మ్యూజిక్‌కి ఆ ఖచ్చితం కావాలి, కొంచెం జారినా లెక్క కనపడదు.

రేణిగుంట_రిఫ్:

లెక్కలు తర్వాత, ముందు అన్నకి ఆల్బమ్స్ ఎవరైనా చెప్పండి రా అయ్యా, పాపం అడిగి ఎంతసేపైంది. నేను రాస్తా, అన్నీ నేను మొత్తం విన్నవే.

ముందు ఓపెత్ డామ్నేషన్, 2003. ఓపెత్ అంటే అప్పట్లో అరిచే బ్యాండే గానీ ఈ ఆల్బమ్‌లో అరుపు అసలు లేదు, స్టీవెన్ విల్సన్ ప్రొడ్యూస్ చేశాడు, మెలోట్రాన్ (పాతకాలం టేపు కీబోర్డు) ఉంటుంది, రాత్రి బస్సుకి పెట్టుకోండి. అది నచ్చితే 2001 బ్లాక్‌వాటర్ పార్క్‌కి రండి, అందులో అరుపూ ఉంది పాటా ఉంది, మెల్లగా అలవాటవుద్ది. ఘోస్ట్ వాళ్ళ మెలియోరా 2015, పైకి దెయ్యాల వేషం గానీ లోపలంతా 70ల పాటే, అందులో సిరీస్ అనే పాటకి గ్రామీ వచ్చింది. మీరు సబ్బాత్ మనిషి కాబట్టి పాల్‌బేరర్ ఫౌండేషన్స్ ఆఫ్ బర్డెన్, 2014, అమెరికాలో ఆర్కన్సా వాళ్ళు, పది నిమిషాల పాటలు, నిదానం, గొంతు శుభ్రం. గోజిరా పేరు 2024 పారిస్ ఒలింపిక్స్ ఓపెనింగ్ అప్పుడు అందరూ విన్నారు కదా, ఆ కోట కిటికీల్లో నిలబడి వాయించినోళ్ళు. వాళ్ళ 2016 మాగ్మా నుంచి మొదలుపెట్టండి, ముందరి వాటికన్నా అరుపు తక్కువ. ఆ ఆల్బమ్ చేసే టైంలో అందులోని అన్నదమ్ములిద్దరికీ తల్లి పోయింది, అది తెలిసి వింటే పాటలు వేరేగా ఉంటాయి.

త్రాష్ (స్పీడుగా కొట్టే మెటల్) కావాలంటే పవర్ ట్రిప్ నైట్‌మేర్ లాజిక్, 2017, అరగంటలో కొట్టి పారేస్తారు. గొంతు అరుపే, కానీ రిఫ్స్ (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్కలు) మీరు 1986లో విన్నవాటి సొంత తమ్ముళ్ళు. పాపం పాడేవాడు రైలీ గేల్ 2020లో చనిపోయాడు.

మన దేశం వాళ్ళని కూడా వినండి అన్నా ప్లీజ్. బెంగళూరు క్రిప్టోస్ 2019 ఆఫ్టర్‌బర్నర్, ప్రీస్ట్, మెయిడెన్ రెండు గిటార్ల స్టైల్ అచ్చంగా, గొంతు కాస్త గరగర. 2013లో జర్మనీ వాకెన్ ఫెస్టివల్‌లో వాయించారు వీళ్ళు. గ్యాంగ్‌టాక్ నుంచి గిరీశ్ అండ్ ద క్రానికల్స్, రాక్ ద హైవే 2020, అది పక్కా 80ల హార్డ్ రాక్, ఎక్కడికో పోతుంది గొంతు. ఢిల్లీ బ్లడీవుడ్ 2022 రక్షక్, ఢోలూ ఫ్లూటూ గిటార్లూ కలిపి కొడతారు, లౌడ్‌నెస్ మాత్రం మీ కంప్లైంట్ మాదిరే ఉంటుంది, ముందే చెప్తున్నా.

కపిలతీర్థం_కాపలా:

ఘోస్ట్ మెటలా? సర్లే. పాల్‌బేరర్ ఇంటా.

పాకాల_జంక్షన్:

ఇంతమంది రాస్తారనుకోలా, థాంక్స్ అందరికీ. ఇన్నంతవరకు చెప్తా.

ఫేడర్ తమ్ముడు చెప్పిన సెట్టింగ్ ఆన్ చేసి, ఆదివారం మావోడు ఇంటికొచ్చినప్పుడు ఇద్దరం పక్కపక్కన కూర్చోని చెరొక ఇయర్‌ఫోన్ పెట్టుకుని మాస్టర్ ఆఫ్ రియాలిటీ ఇన్నాం. పల్చగా అనే మాట మళ్ళీ అనలేదు, "గీజర్ బట్లర్ బేస్ ఇంత ఉందా" అన్నాడు. తర్వాత డెత్ మాగ్నెటిక్ పెట్టినాడు, సౌండ్ తగ్గించినా సరే మూడో పాటకి చెవులు అలిసిపోయినాయి, పాటలు మాత్రం మంచివే, అదే బాధ. బ్లిజర్డ్ ఆఫ్ ఆజ్ సంగతి చదివినాక ఇంట్లో ఉండే సీడీ వెనక చూస్తే 2002 అనే ఉండాది. ఏం చేసేది దాన్ని? టీ కప్పు కింద పెట్టుకోవాల్సిందే.

డామ్నేషన్ రాత్రి బస్సులో ఇన్నా. మెటల్ అనను గానీ శానా బాగుండాది, రెండోసారి కూడా పెట్టినా. పాల్‌బేరర్ నాకు సరిగ్గా సరిపోయింది, పొద్దున కన్నా సాయంత్రం బస్సుకి బాగుంటాది. గోజిరా సగం నచ్చింది. పవర్ ట్రిప్ గొంతు నా వల్ల కాలా. గిరీశ్ వాళ్ళది ఇని మా ఆవిడ కూడా "ఇది పర్వాలేదే" అన్నింది, మా ఇంట్లో అది పెద్ద సర్టిఫికెట్టు.

అమ్మాయ్, నువ్వు చెప్పినట్టు తొడ మీద నాలుగు ఏసుకుంటా బ్లీడ్ ఇన్నా. పక్క సీటాయన నన్నే చూస్తా ఉన్నాడు. లెక్క తప్పిపోతా ఉండాది, కానీ తలనొప్పి రాలా, ఎందుకంటే ఎక్కడ కలస్తాదా అని చూసుకుంటానే దామలచెరువు దాటిపోయినా. అరుపు సంగతిలో మాత్రం మీ నాన్నగారి మాటే నా మాట.

ఇప్పుడు ఇంకో సందేహం. మెటాలికా జస్టిస్ ఫర్ ఆల్ ఉండాది కదా, 1988ది. అది నొక్కింది కాదు, పాతదే, అయినా పల్చగానే ఉండాది. దానికేం చెప్తారు?

ఫేడర్_పైకి:

అది మాస్టరింగ్ కాదన్నా, మిక్సింగ్‌లోనే బేస్ గిటార్‌ని మింగేశారు. అప్పటిదాకా బేస్ వాయించిన క్లిఫ్ బర్టన్ 1986 సెప్టెంబర్‌లో స్వీడన్లో బస్సు బోల్తా పడి పోయాడు, ఆ ప్లేస్‌లోకి జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు, అతను వాయించిన బేస్ ఆ ఆల్బమ్‌లో ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. పైగా చాలాచోట్ల గిటార్ ఏది వాయిస్తే బేస్ అదే వాయిస్తుంది, తగ్గిస్తే ఇంక వెతికినా దొరకదు. తక్కువ ఫ్రీక్వెన్సీలో ఏమీ లేనప్పుడు మీరు ఎంత వాల్యూమ్ పెంచినా పైన కీచుమనేదే పెరుగుతుంది. ఫ్యాన్స్ బేస్ పెంచి చేసిన వెర్షన్లు యూట్యూబ్‌లో ఉన్నాయి, ఒకసారి వినండి, బ్లాకెన్డ్ పాట వేరే పాటలా ఉంటుంది. దీని తర్వాత బాబ్ రాక్‌ని ప్రొడ్యూసర్‌గా తెచ్చి 1991లో చేసిందే మీ బ్లాక్ ఆల్బమ్, అందులో బేస్ కావాల్సినంత ఉంది.

రేణిగుంట_రిఫ్:

అన్నా మెయిడెన్ సెంజుత్సు వినలేదా మీరు? 2021ది, రెండు డిస్కులు, 82 నిమిషాలు, మీ రూటుకి కొలిచి తీసినట్టు ఉంటుంది. ఆఖరి మూడు పాటలూ వాళ్ళ బేసిస్ట్ స్టీవ్ హారిస్ ఒక్కడే రాసినవి, ఒక్కోటీ పది నిమిషాల పైనే.

కపిలతీర్థం_కాపలా:

పాల్‌బేరర్ ఇన్నా. బాగుంది. సెంజుత్సులో ఇరవై నిమిషాలు కత్తిరించి ఉంటే ఇంకా బాగుండేది, ఇంట్రోలు అయ్యేసరికి చంద్రగిరి కోట కనపడి పోతాది కూడా. మొదటిసారి ఇనేటోడు ద రైటింగ్ ఆన్ ద వాల్ నుంచి మొదలుపెట్టు, పాకాలా.

పాకాల_జంక్షన్:

సోమవారం పొద్దున బస్సుకి డౌన్‌లోడ్ పెట్టినా. కత్తిరించకుండానే ఇంటా.